పన్నెండు పుస్తకాల ఫుట్‌నోట్ మేడమ్

ఆ రోజుల్లో అమెరికాలో మా నేపర్‌విల్ ఊరి తెలుగు ఇళ్లలో హిస్టరీ చదివే పిల్ల అంటే ఒంట్లో బాగోని పిల్లతో సమానం. ఎదురైన ప్రతి ఆంటీ "మరి జాబ్?" అని జాలిగా అడిగేది. మా నాన్న ఏకంగా షరతే పెట్టారు: పీహెచ్‌డీ సీటు వస్తే సరే, లేకపోతే నోరు మూసుకుని డేటా ఎనలిటిక్స్‌లో చేరాలి. సీటు రావాలంటే మా ప్రొఫెసర్ మంచి సిఫార్సు లేఖ రాయాలి. ఆవిణ్ణి మేం ఫుట్‌నోట్ మేడమ్ అనేవాళ్లం. ఆధారం లేని వాక్యం కనిపిస్తే చాలు, పక్కన ఎర్ర పెన్నుతో "నీకెలా తెలుసు?" అని రాసేవారు (ఒకసారి నేనిచ్చిన థాంక్యూ కార్డు మీద కూడా రాశారు).

అలాంటి మనిషి ఉన్నట్టుండి అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేస్తానన్నారు. మనవాళ్ల ఓట్లు నేను పట్టుకొస్తానని కోతలు కోసి, మైక్ అంకుల్ బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టించాను. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా మైక్ ఆయన చేతిలోనే ఉంటుంది, అందుకే ఆ పేరు. "గెస్ట్ ఇంట్రడక్షన్ నువ్వే రాసివ్వమ్మా. కొంచెం గ్రాండ్‌గా ఉండాలి, లేకపోతే మనోళ్లు ఫోన్లు చూసుకుంటారు" అన్నారు. రాశాను. ఆవిడ రాసిన రెండు పుస్తకాలు నా చేతిలో పన్నెండయ్యాయి. లేఖ గుర్తొచ్చి "కాబోయే ప్రెసిడెంట్" అని కూడా తగిలించాను. తెలుగు రాని ఆవిడ విని మురిసిపోవాలని ఇంగ్లీషులో రాయడం నా కొంప ముంచింది.

అంకుల్ గొంతు సవరించుకుని అదంతా చదివి, శాలువా కప్పారు. మేడమ్ మైక్ అందుకున్నారు. "శాలువా వెచ్చగా ఉంది, థాంక్స్. పుస్తకాలు మాత్రం రెండే. రెండోది మా అమ్మ కూడా పూర్తిగా చదవలేదు." ముందు వరసలో ఒకాయన తన తమ్ముడి గ్రీన్ కార్డు ఎన్నాళ్లకొస్తుందని అడిగారు. "నాకు తెలియదు. తెలుసుకుని మళ్లీ వస్తాను" అన్నారావిడ. "తెలీదంటే ఓట్లు పడతాయా అమ్మా? మునిగిపోయాం" అని అంకుల్ నా చెవిలో గొణిగారు. నాకు మునుగుతున్న నా లేఖ ఒక్కటే కనిపించింది.

రెండు వారాలకి ఆవిడ నిజంగానే వచ్చారు, చంకలో లావుపాటి ఫైలు, భుజాన అదే శాలువా. నేను సిగ్గుతో చచ్చిపోతూ మైక్ అడుక్కుని, మిగతా పది పుస్తకాలూ నేను కల్పించినవేనని ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఆవిడ ఆ గ్రీన్ కార్డు క్యూ ఎక్కడ మొదలైందో, ఎందుకు కదలడం లేదో గంటసేపు చెప్పారు. "నేనొక్కదాన్నే మార్చలేను, ప్రయత్నిస్తాను" అన్నారు. ఒక్కరూ ఫోన్ తీయలేదు. అంకుల్ మైక్ వెనక్కి అడగడమే మర్చిపోయారు. నిజం చెప్పి కూడా గదిని నిశ్శబ్దం చేయొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆవిడ గెలిచారు. నా లేఖ కాపీ తర్వాత నాకే ఇచ్చారు. "ఈమె నా గురించి అబద్ధాలు రాసింది. తప్పు చూపించాక అందరి ముందూ దిద్దుకుంది. చరిత్రకారులకు ఈ రెండో పనే కష్టం" అని ఉంది. సీటొచ్చింది.

ఇప్పుడావిడ దేశం మొత్తం వినే నాయకురాలు. నేను హిస్టరీ పాఠాలు చెప్పుకుంటున్నాను. మొన్న ఒక స్టూడెంట్ తన పేపర్‌లో ఆవిడంత నిజాయితీగల నాయకురాలు లేరని రాసింది. నా ఎర్ర పెన్ను దానంతటదే "నీకెలా తెలుసు?" అని రాసేసింది. నాకు తెలుసు. కానీ ఆధారం అడిగితే, ఆ బేస్‌మెంట్, ఆ శాలువా తప్ప చూపించడానికి నా దగ్గరా ఏమీ లేదు.