బీహైవ్ బుగ్గ దగ్గర కృష్ణమూర్తి

కృష్ణమూర్తి అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టరు. విడాకులైన ఏడాది, 2008 సెప్టెంబరులో, ఇంట్లో ఉండలేక పన్నెండు గంటలు కారు నడుపుకుంటూ ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్ళాడు. జనమంతా వేళకు పొంగే పెద్ద వేడినీటి బుగ్గను చూసి వెళ్ళిపోతుంటే, అతనికి ఏటి అవతలి బుగ్గ నచ్చింది. నడుమెత్తు రాతి దిమ్మె. తేనెపట్టులా ఉంటుందని బీహైవ్ అంటారు. అది ఎప్పుడు చిమ్ముతుందో ఎవరూ చెప్పలేరు. ఆ సారి అతనికి చూసే అదృష్టం దక్కలేదు.

తర్వాత ఏటా సెలవంటే అదే అయింది. ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దస్తమానం చెక్కబాట మీద కూర్చునేవాడు. అయిదేళ్ళలో మూడుసార్లు చూశాడు.

2013లో ప్లేనో అనే ఊరి నుంచి వచ్చిన రాఘవులు, పద్మజ దంపతులు, తెలుగువాడని అడిగి తెలుసుకుని పక్కన కూర్చున్నారు.

"ఒక్కరే వచ్చారా అండీ?" అంది పద్మజ.

"లేదండీ, మా ఫ్యామిలీ హోటల్ రూమ్‌లో ఉన్నారు."

ఎందుకలా అన్నాడో అతనికే తెలియదు. పిల్లలెందరని ఆమె అడిగితే ఒక పాప అన్నాడు. పేరడిగితే అనుష్క అన్నాడు.

ఇంతలో దిమ్మె పక్కనున్న చిన్న రంధ్రం బుసకొట్టసాగింది. అది మొదలైతే కాసేపట్లో బీహైవ్ లేస్తుందని వాళ్ళకు చెప్పాడు. రాఘవులు చటుక్కున లేచాడు.

"అయ్యో, పాప మిస్ అవుతుంది సర్. మీరుండండి, రూమ్ నంబర్ చెప్పండి, నేను తీసుకొస్తా."

రాఘవులు ఇప్పుడు వెళితే బుగ్గ లేవడం చూడలేడని కృష్ణమూర్తికి తెలుసు.

"కూర్చోండి సర్. పాప లేదు. ఎవరూ లేరు. నేనొక్కణ్ణే వచ్చాను."

రాఘవులు అలాగే నిలబడిపోయాడు. పద్మజ భర్త చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ముగ్గురూ దిమ్మె వైపు తిరిగారు. కొంతసేపటికి నీళ్ళు తాటిచెట్టును మించి లేచాయి. మనిషి మాట వినపడనంత హోరు. ఆవిరి గాలికి మీదికొచ్చి కృష్ణమూర్తి కళ్ళద్దాలు మసకబారాయి. వాటిని తుడుచుకోలేదు.

అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది. వెళ్ళేటప్పుడు పద్మజ ఏమీ అడగలేదు. ప్లేనో వస్తే తమ ఇంట్లోనే దిగాలని చెప్పి, ఫోన్ నంబర్ ఇచ్చింది.

ఆ నంబరుకు ఫోన్ చేయడానికి అతనికి ఎనిమిది నెలలు పట్టింది. రాఘవులు ఎత్తి, వెంటనే గుర్తుపట్టాడు. ఇద్దరూ ప్లేనో ఎండల గురించి నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. రమ్మని అతను మళ్ళీ పిలిచాడు. కృష్ణమూర్తి వస్తానన్నాడు గానీ వెళ్ళలేదు. సెప్టెంబరులో పార్కుకే వెళ్ళాడు. మూడు రోజులూ వాన. గొడుగు వేసుకుని కూర్చున్నాడు.