చిన్నమ్మ పాట, చిన్నాయన చెయ్యి

ఆ రోజుల్లో మదనపల్లెలో ఇంట్లో కంప్యూటరున్న కుర్రాడికి తెలియనిది ఏదీ ఉండదని చుట్టాలందరూ నమ్మేవారు. అందరికంటే గట్టిగా నేను నమ్మేవాణ్ణి. పక్కనున్న అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగు చదువుతూ, విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటరుకు ఒక మైకు తగిలించి, మా మేడమీది గదిని 'స్టూడియో' అని పిలుచుకునేవాణ్ణి. (ఇంట్లో మిగతావాళ్లు దాన్ని చింతపండు గది అనేవారు.) మధ్యాహ్నాలు కిటికీలోంచి కొండగాలి వస్తుంటే, ఈ గదిలో పుట్టిన పాట ఎక్కడెక్కడికో తేలిపోతున్నట్టు మెలకువలోనే కలలు కనేవాణ్ణి.

అలాంటి ఒక మధ్యాహ్నం పుంగనూరు నుంచి చిన్నమ్మ, చిన్నాయన వచ్చారు. చిన్నమ్మ పాడితే పక్క చేలల్లోవాళ్లు పని ఆపి వినేవాళ్లు. ఇప్పుడు ఆమె గొంతులో గడ్డ. వేలూరులో ఆపరేషన్ చెయ్యాలట, గొంతు మారినా మారొచ్చునని డాక్టరు ముందే చెప్పాడట. "ఒరే నాయనా, మళ్లీ ఈ గొంతు వస్తాదో రాదో. నీ పెట్టెలో కొంచెం దాసిపెట్టరా" అంది. నవ్వుతూనే అంది గానీ, కొంగుతో గొంతు కప్పుకుంది. చిన్నాయన మాత్రం గడపలోనే నిలబడి, "పాట యాడికి పోతాదిమే? బాగయినాక పాడుకో. బస్సుకు టైమయితాంది" అన్నాడు. టమోటాలు మార్కెట్లో దించడం, బస్సెక్కడం తప్ప ఆయన ఎక్కడా కుదురుగా కూర్చున్నది నేను చూడలేదు.

ఆమె ఒక చరణం పాడింది. తిరిగి వినిపిస్తే పాట వెనక 'గుంయ్'మని ఒకటే హోరు, తేనెటీగల తుట్టెలో కూర్చుని పాడినట్టు. నా పరువు గాలిలో వేలాడింది. ఫ్యాను ఆపాను. ట్యూబులైటు ఆపాను. మైకు తీగను అటూ ఇటూ తిప్పాను. కిందికి పరిగెత్తి ఫ్రిజ్ కూడా ఆపేస్తే అమ్మ అరిచింది: "పాలు ఇరిగిపోతే నీ పాట తాగుతామా?" ఫ్రిజ్ మళ్లీ నడిచింది, హోరు అసలు ఆగనే లేదు.

"ఇంక పోదాం పా మే" అంటూ చిన్నాయన లోపలికొచ్చి కంప్యూటరు మీద చెయ్యి ఆనించాడు. నా చెవులకున్న హెడ్‌ఫోన్లలో హఠాత్తుగా నిశ్శబ్దం. చెయ్యి తీశాడు, గుంయ్. "చిన్నాయనా, చెయ్యి పెట్టు!" "యాల?" "పెట్టు, చెప్తా." పెట్టాడు, హోరు పోయింది. "ఏందిరా ఇది, చీమలు పాకినట్టుండాది!" "తియ్యాకు చిన్నాయనా, గమ్మునుండు!" (ఎర్తు లేని ప్లగ్గుతో నడుస్తున్న డబ్బా అది. కరెంటు రొద ఆయన ఒంట్లోంచి నేలకు దిగిపోతోంది. ఆ తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియను ఎర్తు తీగ బిగించి, మనుషుల్ని ఇట్లా వాడకూడదని నన్ను కడిగేశాడు.)

అలా చిన్నాయన నేలమీద చతికిలబడి, వట్టి పాదాలు చాపి, డబ్బా మీద చెయ్యి వేసుకుని కదలకుండా కూర్చున్నాడు. చిన్నమ్మ కళ్లు మూసుకుని పాడింది. నాట్ల పాటలు, జోల పాటలు, నేనెప్పుడూ విననివి. గాలికి కిటికీ తెర ఉబ్బుతోంది, గదంతా పులుపు వాసన. ఆయన కాసేపు గడియారం చూశాడు, తర్వాత చిన్నమ్మను చూశాడు, తర్వాత ఆమెను చూడటమే మిగిలింది. పాట అయిపోయింది. "ఇంక చెయ్యి తియ్యొచ్చు" అన్నాను. తియ్యలేదు.

"ఇంకొకటి పాడమను" అన్నాడు నాతో.

"ఈడనే ఉండాది కదా, నువ్వే అడుగు."

సిగ్గుపడి, నేల చూస్తూ, "మే... ఇంకొకటి పాడు" అన్నాడు.

"బస్సు?"

"పోనీలే."

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు తిరిగొచ్చింది గానీ, కొంచెం కిందికి దిగి, బొంగురుగా వచ్చింది. నేనిచ్చిన సీడీ విని చిన్నమ్మ, "ఎంత సన్నంగా ఉండాదిరా నా గొంతు!" అని పరాయి మనిషిని మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది. చిన్నాయనైతే వచ్చినవాళ్లందరికీ, "ఆ సీడీలో నేను కూడా ఉండాను" అని చెప్పుకునేవాడు. ఎక్కడ అని వాళ్లు అడిగితే, "వినపడకుండా ఉండాను" అనేవాడు.

ఇప్పుడు కుప్పంలో నా గదిలో మంచి మైకుంది, ఏ హోరూ లేదు. ఎవరినైనా వచ్చి పాడమని అడగడానికి ఆ రోజు చిన్నాయనకున్నట్టే నాకూ మొహమాటం. అందుకే ఆదివారాలు మైకు పరీక్షించే నెపంతో నేనే రెండు ముక్కలు పాడుకుంటాను. విని, ఒక్కణ్ణే నవ్వుకుని, చెరిపేస్తాను.