ప్లగ్గు రంగు చదివే వెంకటరాముడు

పాలు పిండేది నేను, కంబదూరు పాల కేంద్రానికి మోపెడ్ మీద తీసుకపోయేది మా ఆయన. ఇరవై ఏండ్లు అట్లనే నడిచింది. ఆయన పోయి ఎనిమిది నెలలు. ఇప్పుడు పిండేదీ నేనే, బండి తోలేదీ నేనే.

ఎండలు ముదిరినాక బండి సతాయించబట్టింది. పాల క్యాన్లతో మిట్ట ఎక్కేటప్పుడు ఇంజన్లో గోళీలు వేసి కుదిపినట్టు టకటకమని సప్పుడు. సగం మిట్టకే బలం పోయి, దిగి తోయాల్సి వస్తాండె. మా బావగారి కొడుకు భరత్ చూసి, "ఇంజను అయిపోయింది చిన్నమ్మా, పాత ఇనుము కింద గుజిరీకి వేసెయ్. బర్రెకు బేరగాన్ని నేను చూస్తా" అన్నాడు. బండి లేకుంటే పాలు పోసేది లేదు. పాలు పోయకుంటే బర్రెను అమ్మల్ల. ఆయన పోయినాక ఇంట్లో నాతో పాటు ఊపిరి తీసేది అదొక్కటే.

వెంకటరాముడి కాడికి తోసుకపోయినా.

కంబదూరులో ముప్పై ఏండ్లుగా రేకుల కొట్టంలో బండ్లు బాగుచేస్తాడు ఆయప్ప. చదివింది ఐదు. ఎవరి బండినీ తాను తోలి చూడడు. "నేను యాభై కేజీలు. నా కింద అన్ని బండ్లూ బాగనే పోతాయి" అంటాడు. ఎవరి బండి వాళ్ళే, రోజూ మోసే బరువుతోనే మిట్ట ఎక్కి చూపించల్ల. ముందర పొట్టేలును పెట్టుకొని ఎక్కినోళ్ళు కూడా ఉండారు.

"క్యాన్ల నిండా నీళ్ళు పట్టు వదినా. సప్పుడు బాగా వచ్చిన కాడ ఇంజను ఆపేసి, తిప్పుకోని జారుతా రా."

"నీళ్ళు మోసుకోని మిట్ట ఎక్కితే జనం నవ్వరా?"

"ఈ సీమలో నీళ్ళు మోసేదాన్ని చూసి ఎవరు నవ్వుతారు? పో."

పోయొచ్చినా. వేడి మీదనే, ఇంజన్లో రవ్వ కొట్టే ప్లగ్గు ఊడదీసినాడు. మూతి సున్నం పూసినట్టు తెల్లగుండాది.

"వేయించిన శెనగ్గింజ రంగుంటే సరిపోయిన ప్లగ్గు. నల్లగా మసి పడితే మరీ చల్లది. ఇట్ల తెల్లగుంటే మరీ వేడిది. ఇది బండిది కాదు, మందు కొట్టే మిషన్ది. వేడి బయటికి వదలదు. మూతి నిప్పుకణిక మాదిరి అయి, రవ్వ పడకముందే పెట్రోలు అంటుకుంటాంది. పైకొచ్చే పిస్టన్ను ఆ మంట నెత్తిన కొడతాంది. అదే నీ టకటక."

పోయిన ఏడు వాన రాక చేను ఎండిపోయింది. మందు కొట్టే పనే లేదు. "మిషన్ది ఊరికే పడుండాది, ప్లగ్గు ప్లగ్గే కదా" అని మా ఆయన దాన్ని బండికి బిగించినాడు. కరువు ఏడు మా పల్లెలో సగం బండ్లకు ఇదే వైద్యం.

"మీ ఆయన బయ్యన్న పనేనా ఇది?"

"ఊ."

"ఉండింటే దీన్ని చెవికి కమ్మ మాదిరి తగిలిచ్చి పంపుతాంటి!"

నవ్వొచ్చింది. నవ్వి, కొంగుతో కండ్లు తుడుచుకున్యా. వెంకటరాముడు చూడనట్టే సరైన ప్లగ్గు వెదికి బిగించినాడు.

"ఇంజను అయిపోయిందని భరత్ అన్నాడే?"

"ముసలిదయ్యింది, అంతే. ఎక్కు మళ్ళీ."

అవే నీళ్ళతో ఎక్కినా. సప్పుడు లేదు. మిట్ట నెత్తికి పోయేదాకా దిగలేదు.

సాయంత్రం భరత్ ఫోన్ చేసినాడు. "రేపు పొద్దున్నే బేరగాడు వస్తాడు చిన్నమ్మా. బర్రెను కడిగి, కొమ్ములకు నూనె రాసిపెట్టు."

నూనె గిన్నె ముట్టలేదు. బర్రె పేడ అంటిన ఒంటితోనే నెమరేస్తాండె. అట్లనే ఉండనిచ్చినా.