మునెమ్మవ్వ ఇంట్లోంచి బడికి దారి

నిన్న మా లేఅవుట్‌ వీధి చివర గోడ ముందు ఒక డెలివరీ అతను బండి ఆపి, ఫోన్‌ను కోపంగా చూస్తున్నాడు.

"మ్యాపు నేరుగా పో అంటాది, ఈడ చూస్తే గోడ ఉండాది. యాడ పోయేదన్నా? బిర్యానీ చల్లారిపోతాది!"

వెళ్లాల్సింది గోడ అవతలి వీధికే. కానీ చుట్టూ తిరిగి హైవే ఎక్కి దిగాలి.

హోసూరు పాత వీధి నేస్తాల్లారా, మీకెవరు గుర్తొచ్చారు? నాకైతే మునెమ్మవ్వే! ఆమె ఇంటి ముందు వాకిలి మన వీధిలో, వెనక వాకిలి బడి వీధిలో. మనందరి బడిదారీ ఆ ఇంట్లోంచే కదా! మేకల వాసన దాటగానే రాగిపిండి వాసన. అవ్వ ఇసుర్రాయి పక్కనే కాళ్లు చాపుకుని కాచుకుని ఉండేది.

"ఊరకే పోతే ఎట్లప్పా? ఒక సుట్టు ఇసిరి పోండి."

తిప్పేసి, చేతుల పిండి నిక్కర్లకు తుడుచుకుంటూ పరిగెత్తేవాళ్లం. బడి ఉన్నన్నాళ్లూ అవ్వ ఇంట్లో సంగటికి పిండి కరువే లేదు!

మా ఇంటి వెనక గేటు ఆ అవతలి వీధిలోకే ఉంది. "బండి ఈడే పెట్టి, మా ఇంట్లోంచి నడిచిపో అప్పా" అన్నాను. అతను చెప్పులు చేతపట్టుకుని, పార్సెల్‌ చంకన పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు సిగ్గుపడుతూ లోపలికొచ్చాడు.

వంటింట్లో మా ఆవిడ, ఆమెదీ మన వీధే, బిగుసుకుపోయిన రాగిపిండి డబ్బా మూతతో కుస్తీ పడుతోంది. అతన్ని చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. డబ్బా అతని ముందుకు చాపింది.

"ఊరకే పోతే ఎట్లప్పా?"