కత్తి ఈ ఒడ్డున, డాలు ఆ ఒడ్డున

పోయిన వారం మిర్యాలగూడ బస్సు దిగిన మనిషి ఒకాయన నేరుగా మా బడికే వచ్చి, గుమ్మంలో నిలబడి, "మీ మేనత్త పోయింది పంతులూ, తెల్లారంగ" అన్నాడు. పిల్లల్ని ఇళ్లకు పంపేసి కాసేపు బడి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య చావు కబుర్లు విని విని చెవులు మొద్దుబారాయి. ఈ మాట మా నాయనకు ఎలా చెప్పాలా అనుకుంటేనే ఒళ్లంతా నీరసం వచ్చింది.

ఆమె మా నాయనకు అక్క. సూర్యాపేటలో మా వాడలోనే, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేది. మొగుడు పోయినా, ఉన్న ఒక్క కూతుర్ని మిర్యాలగూడకు ఇచ్చినా, ఇల్లు వదలకుండా ఒక్కతే కాపురం చేసింది. ఎండాకాలం వస్తే మా వాడంతటికీ ఆమె కావలసి వచ్చేది. చింతపండు కొట్టి గింజ తీసే పని ఒక్కరి వల్ల తెమలదు. ఇవాళ ఈ ఇంట్లో, రేపు ఆ ఇంట్లో అని ఆడవాళ్లంతా కలిసి చేసుకునేవాళ్లు. నడుములు పడిపోయే ఆ పనికి అత్త కథే ఆసరా. వినేవాళ్లలో ఒకరు "ఊ" కొట్టాలి, అది ఆమె పెట్టిన షరతు. ఊ ఆగితే కథా ఆగుతుంది. కునికిపాట్లు పడితే నెత్తిన చింతగింజ వచ్చి పడేది. నాకూ చాలానే పడ్డాయి.

ఆమె కథల్లో ఇద్దరు వీరుల కథ ఒకటుంది. ఏటికి అటొక తెగ, ఇటొక తెగ, ఒకరంటే ఒకరికి పడదు. ఇద్దరి దూడల్నీ ఒక రాకాసి గద్ద ఎత్తుకుపోతుంటుంది. మొదటి వీరుడు రెక్కల గుర్రం మీద దిగి, గద్దను ఒక్క వేటుకు నరికి, "ఇగ నన్ను నమ్ముండ్రి" అంటాడు. అందరూ దండం పెడతారు. అతను అటు వెళ్లాడో లేదో, అతన్ని తమ మీదికి పిలిపించింది అవతలి వాళ్లేనని రెండు తెగలూ మళ్లీ కొట్టుకుంటాయి. ఏడాది తిరిగేసరికి ఇంకో గద్ద వస్తుంది.

రెండో వీరుడు నడిచి వస్తాడు. కత్తి ఈ ఒడ్డున ఇచ్చి దాచమంటాడు, డాలు ఆ ఒడ్డున ఇచ్చి దాచమంటాడు. వట్టి చేతులతో రెండు ఒడ్ల మీదా అన్నం అడిగి తింటాడు. చంపాలనుకుంటే ఎవరైనా చంపొచ్చు. గద్ద వచ్చిన రోజు, అతను కొట్లాడాలంటే వీళ్లు కత్తి తేవాలి, వాళ్లు డాలు తేవాలి. ఏటి నడుమ ఇసుకలో రెండు తెగలూ మొదటిసారి ఎదురెదురుగా నిలబడతాయి.

పంతులు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఇద్దరిలో ఎవరు గొప్ప అని పరీక్ష పెట్టినట్టే అడిగాను. "మొదటోడు నన్ను నమ్ముండ్రి అన్నడు. రెండోడు ముందుగాల తనే నమ్మిండు. గంతే బిడ్డా, దీంట్ల గొప్పేముంది" అంది.

తర్వాత ఆ పాడు రోజులు వచ్చాయి. తుపాకులకు భయపడి వాడలో సగం మందిమి కోదాడ మీదుగా సరిహద్దు దాటి పోయాం. అత్త రాలేదు. పోలీసు చర్య అయ్యాక తిరిగొచ్చి చూస్తే మా జొన్నపాతర తవ్వేసి ఉంది. నేలలో గొయ్యి తీసి దాచిన గింజలు, పైన మట్టి చదును చేసిన చోటు, ఇంటివాళ్లకు తప్ప తెలియదు. ఇంటివాళ్లలో ఊళ్లో మిగిలింది అత్త ఒక్కతే. నాయన అడగలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు.

మా ఇల్లొక్కటే కాదు, వాడంతా అలాగే చీలింది. ఊరు విడిచి పోయినవాళ్లు ఒక జట్టు, ఊళ్లోనే ఉన్నవాళ్లు ఒక జట్టు. ఉన్నవాళ్లు దొంగలకు దారి చూపారని మావాళ్లు, ముసలివాళ్లనూ గొడ్లనూ తమ మీద వదిలి పారిపోయారని వాళ్లు. వినీ వినీ నాకు విసుగు పుట్టింది. ఎవరెలా పోయినా నాయన ఆమెను మళ్లీ నమ్మితే చాలనుకున్నాను. ఆమెకూ అంతకంటే ఏమీ అక్కర్లేదని నాకు తెలుసు.

"నేను చెప్పలే అని ఒక్క మాట అనరాదా అత్తా?" అని ఒకనాడు బతిమాలాను.

"గా మాట వాడలందరు అంటున్నరు. నేనూ అంటే గుంపుల గోవిందనే" అంది.

ఆ ఎండాకాలం మా అమ్మ ఒక్కతే అరుగు మీద చింతపండు కుప్ప ముందు కూర్చుంది. ఉన్నవాళ్లెవరూ రాలేదు, పోయినవాళ్లకు ఎవరి కుప్ప వాళ్లకే ఉంది. మిట్టమధ్యాహ్నం అత్త వచ్చింది. పిలవకుండానే కూర్చుని, గింజ తీస్తూ ఇద్దరు వీరుల కథ అందుకుంది. అమ్మ లోపలికి భయంగా చూసింది, ఊ కొట్టలేదు. నేను నోరు తెరవబోతే అత్త కళ్లతోనే వద్దంది. రెండో వీరుడు కత్తి ఇచ్చేసి వట్టి చేతులతో నిలబడ్డ చోట కథ ఆపింది. చింతకాయ మీద రాయి పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపటికి, లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న నాయన, గొంతు సవరించుకుని "ఊ" అన్నాడు.

అత్త తలెత్తలేదు. ఇంకో చింతకాయ చేతిలోకి తీసుకుంది. "గంతట ఆ వీరుడు..." అని కథ సాగించింది. రెండు రోజులకు ఉన్నవాళ్ల ఇళ్ల ఆడవాళ్లూ ఆమె వెంట వచ్చారు.

ఇంతటితో అంతా బాగైందని రాయాలని నాకూ ఉంది. కాలేదు. నాయన ఆమెతో మాట్లాడాడు, పక్కన కూర్చుని తిన్నాడు. కొత్త పాతర మాత్రం ఆమె కంట పడకుండా తవ్వించాడు. ఆమె మా ఇంట్లో ఉన్నంతసేపూ పశువుల కొట్టం వైపు ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. అత్త చూసీ చూడనట్టు ఊరుకుంది. వానలు పడ్డాక, చేతకావడం లేదని కూతురి దగ్గరికి పోయింది. బస్సెక్కేటప్పుడు "మీ నాయన మంచోడే బిడ్డా. అలిసిపోయిండు, మనందరి లెక్కనే" అంది.

మేం మిర్యాలగూడ చేరేసరికి దహనం అయిపోయింది. వాకిట్లో చుట్టాలూ, మా వాడ నుంచి వచ్చిన ఉన్నవాళ్ల జట్టువాళ్లూ కూర్చుని ఉన్నారు. అత్త కూతురు చెంబుతో నీళ్లు తెచ్చింది. నాయన నీళ్లు అందుకోకుండా, అందరికీ వినబడేలా అన్నాడు. "బిడ్డా, మా జొన్నపాతర పశువుల కొట్టంల, మేతేసే గాడి కింద ఉన్నది. గింజలు తక్వైతే నన్నడగకు. పోయి తీస్కో."

ఆమె బెదిరిపోయి, "మామా, గిట్ల అందరి ముంగట చెప్తవా? రోజులెట్లున్నయి!" అంది.

"చెప్పాల్సిన మనిషికి చెప్పలే బిడ్డా" అన్నాడు నాయన. "పక్కన కూసొని బువ్వ తిన్న, అయినా చెప్పలే."

ఆయన దోసిలి పట్టాడు. ఆమె నీళ్లు పోసింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. చెంబు ఖాళీ అయింది, ఆమె దాన్ని దించి పక్కన పెట్టింది. నాయన మాత్రం దోసిలి అలాగే చాచి నిలబడి ఉన్నాడు.