పై తీగలో వచ్చిన పాట

మొన్న అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళే బస్సులో నా పక్క సీటు కుర్రాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పాట అతనికి వినిపిస్తోంది. నా దాకా వస్తున్నది దాని పొట్టు మాత్రమే. తాళాల దగ్గర చిన్న గలగల, గాయని 'స' పలికినప్పుడల్లా సన్నగా జారే ఊపిరి. మద్దెల లేదు, మాట లేదు. వాన పడుతోందని అద్దాలన్నీ మూసేశారు. ఆ చప్పుడు వినలేక లేచి వెళ్ళి డ్రైవరు వెనక నిలబడ్డాను. "సీటుండగా నిలబడ్డారేంటండీ?" అన్నాడు కండక్టరు. ఏం చెప్పను? అలాంటి చప్పుడు నేను మొదటిసారి విన్నది ప్రభుదాస్ గారి ముందుగదిలో. అది విన్నాక ఆ ఇంట్లో ఏదీ మునుపటిలా లేదు.

ప్రభుదాస్ గారు నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబ్ ఆయనది. అంతకుముందు చాలా ఏళ్ళు గల్ఫ్‌లో, సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో కెమిస్టుగా చేశారు. నేను డిగ్రీ పూర్తిచేసి ఐ.పోలవరం నుంచి వచ్చి చేరాను. చేరిన కొత్తలోనే ఒకసారి నేను రాసిన రిపోర్టు చేతిలో పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు. "అమ్మా వేణీ, ఈ రంగు నువ్వు చూసేవా, ఇలాగే ఉంటుందిలే అనుకున్నావా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. సీసాలో నీళ్ళకు మందు చుక్కలు కలిపి, తిరిగిన రంగును బట్టి రిపోర్టు రాయాలి. అంతకుముందు వచ్చిన నాలుగైదు సీసాలూ ఒకేలా ఉండటంతో ఇదీ అంతేనని రాసేశాను. "అనుకున్నానండి సార్" అన్నాను. "అయితే మళ్ళీ చెయ్యి తల్లీ. ఆ రైతు ఈ కాయితాన్ని నమ్మి చెరువులో మందు చల్లుతాడు. మనం చూసిందే చెప్పాలి. బాగున్నా, బాగోపోయినా." ఆయన నాకు నేర్పిన పని చాలానే ఉంది. అన్నింటికీ అడుగున ఉన్నది ఈ మాటే.

ల్యాబ్ వెనకే వాళ్ళ ఇల్లు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన భార్య కమల గారు నన్ను భోజనానికి పిలిచేవారు. ఆవిడను నేను పిన్నిగారూ అనేదాన్ని. పిల్లలు లేని ఇల్లు. ముందుగదిలో గోడకు అటూ ఇటూ నడుము ఎత్తు స్పీకర్లు రెండు, మధ్యలో యాంప్లిఫయరు. గల్ఫ్‌లో ఉండగా కొని, ఓడలో వేయించి తెచ్చుకున్నారట. భోజనాలయ్యాక ఆయన పాట పెట్టేవారు. పాట నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు. నాకు మొదట్లో నిద్ర ముంచుకొచ్చేది. పాట అయ్యాక ఆయన అడిగేవారు: "రెండో చరణంలో వెనకాల ఏం వచ్చింది?" తెలియదనేదాన్ని. మళ్ళీ పెట్టేవారు. అలా మళ్ళీ మళ్ళీ వినగా, ఎక్కడో వెనక గజ్జెలు ఒక్కసారి కదిలి ఆగిపోవడం నాకూ వినబడింది. ఆ రోజు ఆయన ముఖంలో వెలుగు చూసి, నేనేదో పరీక్ష నెగ్గినట్టు పిన్నిగారు నాకు ఇంకో జున్నుముక్క పెట్టారు.

నేను చేరిన మూడో ఏడు నుంచి ఆయనకు స్పీకర్ల మీద అనుమానం మొదలైంది. పాట మసకబారిపోయిందనేవారు. "మీద దుప్పటి కప్పినట్టుందమ్మా" అనేవారు. తుడిచారు, జరిపారు, కర్టెన్లు తీయించారు. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో చదివి, తీగలో ఉందేమో లోపం అన్నారు. వేలెడు లావున్న రాగి తీగ తెప్పించి బిగించారు. ఆ వారం అంతా సంబరం. "ఇప్పుడు చూడు, ఎలా విచ్చుకుందో!" అన్నారు. నాకు ఏ తేడా తెలియలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన "సరే, పరీక్ష పెడదాం" అన్నారు. స్పీకర్ల వెనక దుప్పటి కట్టి, నేను పాత తీగా కొత్త తీగా మార్చి మార్చి పెడుతుంటే, ఆయన కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పాలి. చెప్పారు. తప్పినవే ఎక్కువ. దుప్పటి విప్పుతూ నవ్వారు. "డబ్బెట్టి కొన్నాను కదా, నా ఆశే విన్నాది" అన్నారు.

అయినా మసక పోలేదు. అప్పుడు పట్టుకున్నారు బై-వైరింగ్‌ని. ఆ స్పీకర్ల వెనక రెండు జతల మరలు ఉన్నాయి. పై జత సన్నని శబ్దాలు పలికే ట్వీటరుకి, కింది జత బరువైన శబ్దాలు పలికే వూఫరుకి. మామూలుగా రెండు జతల్నీ ఇత్తడి రేకులు కలిపి ఉంచుతాయి, ఒక్క తీగ సరిపోతుంది. ఆ రేకులు పీకేసి, దేని తీగ దానికి విడిగా వేస్తే పాట తేటపడుతుందని కొందరు, అదంతా ఉత్త భ్రమని కొందరు రాశారట. "చేసి చూస్తే పోయేదేముంది?" అన్నారు ఆయన.

ఆదివారం మధ్యాహ్నం. పిన్నిగారు తమలపాకులు తుడుస్తూ కూర్చున్నారు. ఆయన నేల మీద కూర్చుని రేకులు తీసేశారు. ల్యాబ్ మనిషి కదా, ఒక్కొక్కటే పరీక్షించాలి. "ముందు పైది ఒక్కటీ చూద్దాం" అని రెండు స్పీకర్లకూ పై తీగలు మాత్రం బిగించి, పాట పెట్టారు. గదంతా ఆ పొట్టు చప్పుడు లేచింది. గలగల, ఊపిరి, తీగ మీద గోరు తగిలినట్టు వయొలిన్. ఆయన అలాగే చూస్తున్నారు. వంగి మరలు బిగించారు. వాల్యూం పెంచారు. నేను చెవులు మూసుకోబోయి ఆగాను.

"రావట్లేదేంటి?" అన్నారు.

నేను పిన్నిగారి వంక చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపుతున్నారు, చాలా చిన్నగా. కళ్ళనిండా నీళ్ళు. ఆయన చెవిని ట్వీటరుకి ఆనించి పెట్టి, నన్నడిగారు: "వేణీ, వస్తోందా?"

"వస్తోందండి సార్."

"ఎంత?"

"గట్టిగానే వస్తోందండి."

ఆయన లేవలేదు. చెవి అక్కడే ఉంచి ఇంకాసేపు విన్నారు. తర్వాత పాట ఆపేసి, "అయితే తీగ మంచిదే" అన్నారు.

వంటింట్లో పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నారు. "చెప్పకుండా ఉంటే ఏం పోయిందే నీకు? కుక్కరు కూత వినపడట్లేదని నాకెప్పుడో తెలుసు. ఫోను మోగితే నేనే పరిగెత్తి తీసేదాన్ని. రైతులు నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని ఆయన విసుక్కుంటే, ఔనండీ అనేదాన్ని. స్పీకర్లే పాడైపోయేయని నమ్ముకుని బతికేవారు కదే" అన్నారు. ఆ తర్వాత చాలా వారాలు నన్ను భోజనానికి పిలవలేదు.

కాకినాడ చెవుల డాక్టరు ఇచ్చిన వినికిడి రిపోర్టును ఆయన ల్యాబ్‌కి తెచ్చి నా బల్ల మీద పరిచారు. గీత కొంత దూరం సాఫీగా వెళ్ళి, సన్నని శబ్దాల దగ్గర గట్టు తెగినట్టు కిందికి పడిపోయింది. "చెరువు నీళ్ళయితే, ఖాళీ చేసెయ్యమని రాసేవాణ్ణి" అన్నారు. గల్ఫ్‌లో ఆయన ల్యాబ్ పంపుల షెడ్డును ఆనుకుని ఉండేదట. ఏళ్ళ తరబడి ఆ హోరులోనే పని. చెవులకు పెట్టుకునేవి ఇచ్చేవారు గాని, ఉక్కకు ఎవరూ పెట్టుకునేవారు కాదట. "ఆ జీతంతోనే కదమ్మా స్పీకర్లు కొన్నాను" అన్నారు. చెవికి మిషను పెట్టించుకున్నారు. దాంతో వింటే చర్చిలో కీర్తన రేకు మీద మేకుతో గీసినట్టుందని తీసి జేబులో వేసుకునేవారు.

చివరకు ఆయనే పిన్నిగారితో చెప్పి నన్ను మళ్ళీ పిలిపించారు. ఇత్తడి రేకులు యథాస్థానంలో బిగించి ఉన్నాయి. "నాకు కింద చప్పుళ్ళు బాగానే తెలుస్తున్నాయి. మిగతావి నువ్వు చెప్పు" అన్నారు. అప్పటినుంచి ఆదివారాలు అలా గడిచాయి. పాట నడుస్తుండగా మాట్లాడకూడదన్న మనిషి, నా నోటి వంకే చూస్తూ కూర్చునేవారు. "వయొలిన్ వచ్చిందండి" అంటే, "రావడమంటే? ఎలా వచ్చింది?" అని గట్టిగా అడిగేవారు. "తలుపు సందులోంచి వెలుతురు పడ్డట్టండి... ఇప్పుడు తలుపు మూసేశారండి." ఆయ్, ఆయ్ అంటూ తల ఊపేవారు. కొన్నిసార్లు నాకు మాట దొరికేది కాదు. దొరికేవరకూ పాట ఆపి కూర్చునేవారు. పిన్నిగారు గుమ్మంలో నిలబడి వినేవారు. నాతో మాటలు కలిశాయి గాని, ఆ పాత చనువు మాత్రం తిరిగి రాలేదు. ఆవిడను తప్పుపట్టలేను.

ఒక వేసవిలో ఆయన గుండె ఆగి పోయారు. పిన్నిగారు నరసాపురంలో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోతూ స్పీకర్లు చర్చికి ఇచ్చేశారు. ఆ రోజు పాట వస్తోందని చెప్పినందుకు నేను బాధపడతాను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి గెలవకుండా.

ఇప్పుడు ల్యాబ్ నేనే నడుపుతున్నాను. మొన్న ఆ బస్సు దిగి ఓడలరేవు దగ్గర చెరువు గట్టు మీద నీళ్ళు పట్టుకుంటుంటే, వాన వెలిసి ఎక్కడో లకుముకి పిట్ట అరిచింది. ఆగి, మళ్ళీ అరిచింది. కొత్త బట్ట ఒక్కసారిగా చింపినట్టుందండి, అనేశాను పైకే. గట్టు మీద ఉన్న రైతు దగ్గరకొచ్చి, "నాతో ఏవన్నా అన్నారాండీ?" అని అడిగాడు.

"లేదండీ" అని సీసా మూత బిగించాను.