బండ మోగినంతసేపు

“బండను కొట్టి చెవొగ్గి ఏం వింటున్నవయ్యా? అది నీకు పాట పాడుతదా?”

“జర ఆగు మేస్త్రీ.”

“ఒక్కో బండకు గింతసేపాయె, లారీ ఎప్పుడు నిండాలె? శనివారం దాక చూస్త. గిట్లనే చేసినవనుకో, లోడింగుకు పంపుత.”

అరుస్తున్నది మా మేస్త్రీ వెంకటేశం. తల వంచుకున్నది భీమయ్య కాక. నేను లారీ మీద నిలబడి వింటున్నాను. డిగ్రీ మధ్యలో వదిలేసి తాండూరులోని ఈ బండల పాలిష్ యూనిట్‌లో లోడింగుకు చేరి ఎనిమిది నెలలైంది. కాక ఇక్కడ ఇరవై ఆరేళ్లుగా ఉన్నాడు. ఆవరణలో ఒక్కో బండను చిన్న సుత్తెతో కొట్టి, ఖంగుమంటే మంచిదని, మొద్దుగా మోగితే లోపల పగులుందని తేల్చడం ఆయన పని. యాభై నాలుగేళ్ల ఆ నడుము లోడింగుకు పనికిరాదు.

సద్ది విప్పినప్పుడు మొహం మీదే అడిగాను. “కాకా, ఇంతకుముందు చకచకా కొట్టేటోనివి గద. గిప్పుడేమైంది?”

అప్పుడు చెప్పుకొచ్చాడు. నిరుడు, ఆయనతో పనిచేసిన బాలప్ప దుమ్ము దగ్గుతో చనిపోయాడు. అప్పటి నుంచి కాకకు ఉన్నట్టుండి గుండెదడ, చెమటలు, ఇప్పుడే పోతానన్న భయం. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. వికారాబాద్‌లో మనసు డాక్టరమ్మ మందులు రాసి, రోజూ కాసేపు ఊపిరి మీద ధ్యాస పెట్టమంది.

“ఊపిరి చూద్దామంటే బాలప్ప దగ్గు ఇనవడ్తది కొడుకా. పరేషాన్ ఇంక ఎక్కువాయె. గదే చెప్పిన. ‘అయితే ఊపిరి వదిలెయ్యి’ అన్నది. ‘వదిలేస్తే పోత గదమ్మా’ అన్న. మస్తు నవ్వింది. నీకు భయం పుట్టని చప్పుడు ఏదన్నుంటే గది ఇను అన్నది.”

ఆయనకు భయం పుట్టనిది బండ చప్పుడు. కొట్టి, మోత అణిగేదాకా దానితోనే ఉంటాడు. మనసు బాలప్ప వైపు పోతే తిట్టుకోడు, మళ్లీ మోత దగ్గరికి తెచ్చుకుంటాడు. ఇలా మొదలుపెట్టి ఆరు వారాలైంది. దడ పూర్తిగా పోలేదు. వస్తే, వచ్చిందని తెలుస్తోందట. దానివెంట పరుగెత్తడం లేదట.

ఇలాంటివి నాకు నమ్మకం లేదు. రెండు నిమిషాలు ఒకచోట కూర్చోలేను. కానీ నేను చేరిన కొత్తలో ఆయన చేతులు వణికి సుత్తె జారిపోయేది. ఇప్పుడు జారడం లేదు. ఇది నేను చూసిందే.

“మరి మేస్త్రీకి చెప్పరాదు?”

“ఎట్ల చెప్త? మంగళారం మంగళారం పండ్ల డాక్టర్ కాడికని చెప్పి పోతున్న. పిచ్చి దవాఖాన అంటే సుత్తె గుంజుకుంటడు.”

చేతులు కడుక్కుని రెండడుగులు వేసి, ఆగాడు.

“కొడుకా, నోరు తెరుద్దామంటే నాకు దడ అందుకుంటది. నీకు మొహమాటం లేదు, నువ్వే చెప్పు. పిచ్చి గాదు, భయం బీమారి అని చెప్పు. పండ్ల ముచ్చట అబద్ధమని సుత చెప్పు. శనివారం దాక వద్దు, ఇయ్యాల్నే పో.”